రెండు క్రూయిజ్‌లు, ఒకే ఓడ, మధ్యలో 1886: బ్యాక్ టు బ్యాక్ క్రూయిజ్ వెనకున్న కథ

ఈ రోజు ఎపిసోడ్ క్రూయిజ్‌ల గురించి. ఏ డెక్ మీద స్విమ్మింగ్ పూల్ ఉంది, బఫేలో ఏం పెడతారు అనే వీడియోలు మీరు చాలానే చూసి ఉంటారు, అవి నేను చెప్పను. మనం మాట్లాడుకునేది ఒక పాత చట్టం గురించి. ఎంత పాతదంటే, అది పాసయ్యేటప్పటికి విమానం లేదు, మన కందుకూరి వీరేశలింగం గారు ఇంకా రాజమండ్రిలో వితంతు వివాహాలు చేయిస్తున్నారు. ఆ చట్టం ఈ రోజుకీ మీ అమ్మానాన్నల క్రూయిజ్ టికెట్‌ని క్యాన్సిల్ చేయించగలదు.

విషయం ఇలా మొదలైంది. డల్లాస్‌లో ఉద్యోగం చేసే ఒక తమ్ముడు నాకు మెసేజ్ పెట్టాడు. "అన్నా, అమ్మానాన్న సమ్మర్‌కి వస్తున్నారు. లాస్ ఏంజెలెస్ నుంచి వాంకూవర్‌కి 4 రోజుల క్రూయిజ్ చీప్‌గా దొరికింది. అదే ఓడ అక్కడి నుంచి అలాస్కాలో సీవార్డ్ దాకా 7 రోజులు వెళ్తుంది. రెండూ బుక్ చేశాను. కంపెనీ వాళ్ళు ఫోన్ చేసి రెండోది కుదరదు అంటున్నారు. డబ్బులు కట్టాక కుదరదు అనడం ఏంటి?" అని. పాపం, ఆ ఫోన్ చేసిన కస్టమర్ కేర్ అమ్మాయి మీద కూడా అరిచాడట. ఆ అమ్మాయి తప్పేమీ లేదు. ఎందుకో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

ముందు బ్యాక్ టు బ్యాక్ అంటే ఏంటో ఒక్క ముక్కలో చెప్పేస్తా. ఒక క్రూయిజ్ అయిపోయిన రోజే, అదే ఓడ మీద తర్వాతి క్రూయిజ్ కూడా మీరే చేయడం. అందరూ పెట్టెలు సర్దుకుని దిగిపోతుంటే మీరు మాత్రం కాఫీ తాగుతూ కూర్చుంటారు. కుదిరితే అదే క్యాబిన్. ఒక విమాన ఖర్చుతో రెండు సెలవులు. చాలామంది రిటైరైన వాళ్ళు చేసేది ఇదే.

ఇప్పుడు చరిత్ర. సరదా కోసం ఓడ ఎక్కడం అనేది ఓడ కంపెనీలకి ఖాళీ సీజన్‌లో పుట్టిన ఆలోచన. హాంబర్గ్ అమెరికా లైన్ అనే జర్మన్ కంపెనీని నడిపిన ఆల్బర్ట్ బాలిన్ అని ఒకాయన ఉండేవాడు. చలికాలంలో అట్లాంటిక్ దాటే జనం తక్కువ, పెద్ద పెద్ద ఓడలు ఊరికే కట్టేసి ఉంటాయి. ఓడ కట్టేసి ఉన్నా ఖర్చు ఆగదు కదా. అందుకని 1891 జనవరి 22న ఆగస్టా విక్టోరియా అనే ఓడని కుక్స్‌హావెన్ నుంచి మధ్యధరా సముద్రం వైపు తిప్పడానికి పంపాడు. 241 మంది ఎక్కారు. దాదాపు రెండు నెలలు తిరిగి వచ్చారు. ఎక్కడికీ "వెళ్ళడానికి" కాకుండా, మళ్ళీ ఎక్కిన చోటే దిగడానికి డబ్బులు కట్టడం! అప్పట్లో చాలామందికి అది వింతగానే అనిపించింది. కానీ వర్కవుట్ అయింది. 1900లో ఆయన కంపెనీయే ప్రత్యేకంగా విహారం కోసమే కట్టిన ప్రిన్జెస్సిన్ విక్టోరియా లూయిజెని సముద్రంలోకి దించింది. ఆరేళ్ళకి అది జమైకా దగ్గర ఒడ్డుకి కొట్టుకుని పోయింది, అది వేరే కథ.

అయితే ఇవన్నీ పెద్దోళ్ళ సరదాలు. నెలల తరబడి సెలవు ఉన్నవాళ్ళకే. మనలాంటి వాళ్ళ దాకా రావడానికి ఒక దెబ్బ తగలాల్సి వచ్చింది. 1958 అక్టోబర్‌లో అట్లాంటిక్ మీద జెట్ విమానాల సర్వీసులు మొదలయ్యాయి. ఐదారు రోజుల ప్రయాణం కొన్ని గంటలైపోయింది. ఓడలన్నీ ఒక్కసారిగా పనిలేనివైపోయాయి. ఏఐ వచ్చి మన ఉద్యోగాలు పోతాయా అని మనం ఇప్పుడు భయపడుతున్నాం కదా, ఆ రోజుల్లో ఓడ కంపెనీల ఆఫీసుల్లో అదే భయం ఉండి ఉంటుంది.

1966లో మియామీలో టెడ్ ఆరిసన్ అనే ఆయన దగ్గర క్రూయిజ్ బుకింగ్‌లు చేసుకున్న జనం ఉన్నారు, ఓడ లేదు. నార్వేలో నట్ క్లోస్టర్ అనే ఆయన దగ్గర సన్‌వార్డ్ అనే కొత్త ఓడ ఉంది, జనం లేరు. ఆ ఓడ అసలు బ్రిటన్ నుంచి జిబ్రాల్టర్ వైపు తిరగాలి, కానీ అక్కడ స్పెయిన్‌తో గొడవలు, బ్రిటిష్ వాళ్ళు విదేశాలకి డబ్బు పట్టుకెళ్ళడం మీద ఆంక్షలు, అంతా కలిసి ఆ రూట్ పడుకుంది. ఆరిసన్ ఫోన్ చేశాడు, ఓడ వచ్చేసింది. 1966 డిసెంబర్ 19న సన్‌వార్డ్ మియామీ నుంచి బయల్దేరింది. అది తిప్పిన ట్రిప్పులు బహామాస్‌కి, 3 రోజులవి, 4 రోజులవి. మూడు, నాలుగు కలిపితే ఎంత? ఏడు. వారం. ఒక ట్రిప్పు అయిపోతే ఇంకో ట్రిప్పు అదే ఓడలో కలుపుకోవడానికి దారి అక్కడే పడిపోయింది.

తర్వాత కథ ఫాస్ట్‌గా చెప్పేస్తా. 1970లో రాయల్ కరీబియన్ మొదటి ఓడ సాంగ్ ఆఫ్ నార్వే వచ్చింది. జనం ఎంత ఎగబడ్డారంటే 1978లో ఆ ఓడని నడుముకి రెండు ముక్కలుగా కోసి, మధ్యలో 85 అడుగుల కొత్త ముక్క పెట్టి మళ్ళీ అతికించారు. నిజంగానే! ఆరిసన్, క్లోస్టర్ విడిపోయాక ఆరిసన్ 1972లో కార్నివాల్ మొదలుపెట్టాడు. మొదటి ఓడ మార్డి గ్రా, మొదటి ట్రిప్పులోనే మియామీ పోర్ట్ దాటగానే ఇసుకలో కూరుకుపోయింది. ఎవరైనా ఆ కంపెనీ షేర్లు ఆ రోజు కొంటారా? 1977 నుంచి అమెరికాలో లవ్ బోట్ అనే టీవీ సీరియల్ ఇంటింటికీ క్రూయిజ్‌ని పరిచయం చేసింది. ఆ సీరియల్‌లో ఓడ లాస్ ఏంజెలెస్ నుంచి ఎక్కువగా మెక్సికో వెళ్తుంటుంది. అంత పొడవు అమెరికా తీరం ఉండగా, శాన్ ఫ్రాన్సిస్కో, సియాటిల్ ఉండగా, మెక్సికోనే ఎందుకు?

ఇక్కడికి వచ్చింది మన 1886.

ఆ ఏడాది జూన్‌లో అమెరికా కాంగ్రెస్ ప్యాసింజర్ వెసెల్ సర్వీసెస్ యాక్ట్ అని ఒకటి పాస్ చేసింది. సారాంశం చాలా సింపుల్. అమెరికాలో ఒక పోర్ట్ నుంచి ఇంకో పోర్ట్‌కి మనుషుల్ని తీసుకెళ్ళాలంటే అది అమెరికన్ ఓడే అయి ఉండాలి. విదేశీ ఓడ తీసుకెళ్తే మనిషికి 2 డాలర్లు జరిమానా. అప్పటి సమస్య గ్రేట్ లేక్స్‌లో కెనడా స్టీమర్ల పోటీ. మన పల్లెల్లో రేవు పాట కోసం ఇద్దరు పడవల వాళ్ళు కొట్టుకుంటారు చూడండి, అలాంటిదే, కొంచెం పెద్ద సైజులో. 2 డాలర్లకి ఎవరూ భయపడట్లేదని 1898లో దాన్ని 200 డాలర్లు చేశారు. అప్పటి 200 అంటే మామూలు మాట కాదు. ఇప్పుడు ద్రవ్యోల్బణంతో పాటు పెరుగుతూ మనిషికి 800 డాలర్లు దాటిపోయింది. అది ఓడ కంపెనీకి పడుతుంది, కంపెనీ దాన్ని మీ బిల్లులో వేస్తుంది. టికెట్ కండిషన్లలో ఉంటుంది చూడండి, మనం చదవకుండా ఓకే కొట్టేస్తామే, అందులో.

అమెరికన్ ఓడ అంటే జెండా కడితే సరిపోదు. అమెరికాలోనే కట్టి ఉండాలి, ఓనర్లు అమెరికన్లు అయి ఉండాలి, సిబ్బంది అమెరికన్లు అయి ఉండాలి. సముద్రం మీద తిరిగే పెద్ద ప్యాసింజర్ ఓడని అమెరికాలో మొదలుపెట్టి అక్కడే పూర్తి చేసింది చివరిసారి 1950లలో. అంటే రక్షించాల్సిన పరిశ్రమ పోయింది, రక్షించే చట్టం మిగిలింది. సాఫ్ట్‌వేర్‌లో పని చేసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. ఎప్పుడో ఎవరో రాసిన కోడ్, రాసినవాళ్ళు వెళ్ళిపోయారు, ఎందుకు రాశారో ఎవరికీ పట్టదు, కానీ తీసేస్తే ఏం కూలిపోతుందో అని అందరికీ భయం. నేను మూడేళ్ళు ఒక బ్యాంకింగ్ ప్రాజెక్ట్‌లో అలాంటి కోడ్ చుట్టూనే ప్రదక్షిణలు చేశాను.

మరి విదేశీ జెండా ఓడలు అమెరికాలో క్రూయిజ్‌లు ఎలా నడుపుతున్నాయి? కస్టమ్స్ వాళ్ళ రూల్స్‌లో దారులున్నాయి. ఇది కొంచెం జాగ్రత్తగా వినండి. మీరు ఎక్కిన పోర్ట్‌లోనే దిగితే, మధ్యలో ఏదైనా ఒక విదేశీ పోర్ట్‌లో ఓడ ఆగితే చాలు. ఎక్కింది ఒక అమెరికన్ పోర్ట్, దిగేది ఇంకో అమెరికన్ పోర్ట్ అయితే మాత్రం మధ్యలో "దూరపు" విదేశీ పోర్ట్‌లో ఆగాలి. కెనడా, మెక్సికో, బహామాస్, కరీబియన్‌లో చాలా భాగం "దగ్గరి" కింద లెక్క. దక్షిణ అమెరికా, అరూబా, కురసావ్ లాంటివి దూరపువి. అందుకే ఫ్లోరిడాలో ఎక్కి పనామా కాలువ మీదుగా కాలిఫోర్నియాలో దిగే క్రూయిజ్‌లు చూడండి, చాలా వాటిలో కొలంబియాలోని కార్టహీనా కనిపిస్తుంది. ఊరు అందంగా ఉంటుంది నిజమే, కానీ అక్కడ ఆగడానికి అసలు కారణం అందం ఒక్కటే కాదు. లాస్ ఏంజెలెస్ నుంచి హవాయి వెళ్ళొచ్చే ఓడలు మెక్సికోలోని ఎన్సెనాడాలో మొక్కుబడిగా కొన్ని గంటలు ఆగుతాయి. మొక్కుబడి అనే మాట దీనికోసమే పుట్టిందేమో.

అన్నిటికన్నా నాకు నచ్చిన ఉదాహరణ ఫానింగ్ దీవి. 2000ల మొదట్లో నార్వేజియన్ కంపెనీ ఓడలు హోనొలులు నుంచి హవాయి దీవులన్నీ చూపించేవి. హవాయి మొత్తం అమెరికానే కదా, విదేశీ పోర్ట్ ఎక్కడ దొరుకుతుంది? 1,500 కిలోమీటర్ల పైన దక్షిణానికి వెళ్తే కిరిబాటి దేశానికి చెందిన ఫానింగ్ అనే చిన్న పగడపు దీవి ఉంది. వేలమందిని ఎక్కించుకుని, రోజుల తరబడి డీజిల్ కాల్చుకుంటూ అక్కడికి వెళ్ళి, కాసేపు ఆగి, వెనక్కి వచ్చేవారు. వాషింగ్టన్‌లోని ఒక కాగితం కోసం పసిఫిక్ మధ్యలో అంత తిరుగుడు! 2005లో ప్రైడ్ ఆఫ్ అమెరికా అనే ఓడ వచ్చింది, దానికి ఈ గొడవ లేదు. దాని కథ కూడా విచిత్రమే. మిసిసిపీలో కట్టడం మొదలుపెట్టారు, 2001లో కట్టించుకునే కంపెనీ దివాలా తీసింది. సగం ఓడని నార్వేజియన్ కొని జర్మనీకి లాక్కెళ్ళి పూర్తి చేయించింది, దానికి అమెరికా కాంగ్రెస్ ప్రత్యేకంగా అనుమతి ఇవ్వాల్సి వచ్చింది. 2004 జనవరిలో తుఫానొచ్చి షిప్‌యార్డ్‌లోనే సగం మునిగింది. మళ్ళీ లేపి, తుడిచి, నడిపారు. అందుకే ఇవాళ ఏ విదేశానికీ వెళ్ళకుండా వారం వారం హవాయి చుట్టూ తిరగగల పెద్ద క్రూయిజ్ ఓడ అదొక్కటే.

ఇప్పుడు డల్లాస్ తమ్ముడి లెక్క చూద్దాం. లాస్ ఏంజెలెస్ నుంచి వాంకూవర్, ఓకే, దిగేది కెనడాలో. వాంకూవర్ నుంచి సీవార్డ్, ఇదీ ఓకే, ఎక్కింది కెనడాలో. విడివిడిగా రెండూ కరెక్ట్. కానీ ఒకే ఓడలో వరసగా చేస్తే కస్టమ్స్ వాళ్ళు దాన్ని ఒకే ప్రయాణంగా చూస్తారు. అప్పుడది లాస్ ఏంజెలెస్ నుంచి సీవార్డ్. రెండూ అమెరికా. మధ్యలో ఉన్న వాంకూవర్ దగ్గరి పోర్ట్. చట్టవిరుద్ధం! రెండు బుకింగ్ నంబర్లు ఉన్నా సరే, ఓడ ఒక్కటే. తమాషా ఏంటంటే అదే ఓడ సీవార్డ్ నుంచి మళ్ళీ వాంకూవర్ వస్తుంది కదా, ఆ మూడో క్రూయిజ్ కూడా కలిపి చేస్తే ఏ గొడవా లేదు, ఎందుకంటే చివరికి దిగేది కెనడాలో. రెండు చేస్తే తప్పు, మూడు చేస్తే ఒప్పు. లేదా వాంకూవర్‌లో దిగి వేరే ఓడ ఎక్కినా ఒప్పే. నేను ఆ తమ్ముడికి వేరే ఓడ చూసుకోమన్నాను, అమ్మానాన్నలకి పద్దెనిమిది రోజుల చలి ఎందుకని.

ఇంకో ముఖ్యమైన ముక్క, మన తెలుగువాళ్ళకి నేరుగా తగిలేది. సియాటిల్‌లో ఎక్కి, అలాస్కా చూసి, సియాటిల్‌లోనే దిగే క్రూయిజ్‌లు చాలా పాపులర్. అవి చివర్లో కెనడాలోని విక్టోరియాలో ఆగుతాయి, చాలాసార్లు సాయంత్రం పూట కొన్ని గంటలే. ఎందుకో ఇప్పుడు మీకు తెలుసు. కానీ ఆ కొన్ని గంటల కోసం ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళకి కెనడా వీసా కావాలి. "మేం ఓడ దిగం, లోపలే ఉంటాం" అంటే కుదరదు, పోర్ట్‌లోనే ఎక్కనివ్వరు. అమ్మానాన్నలకి అమెరికా వీసా వచ్చింది కదా అని అలాస్కా బుక్ చేసేసే పిల్లలు దయచేసి ఇది చూసుకోండి. మియామీ నుంచి ఒక వారం తూర్పు కరీబియన్, తర్వాతి వారం పడమటి కరీబియన్ చేస్తే 1886 చట్టంతో ఇబ్బంది లేదు, ఎక్కేదీ దిగేదీ మియామీయే. కానీ మధ్యలో ఆ మారే రోజున మీరు కూడా ఒకసారి ఓడ దిగి ఇమిగ్రేషన్ చూపించుకుని మళ్ళీ ఎక్కాలి. ఓడ మీద పాత ప్యాసింజర్ ఒక్కరూ లేరని లెక్క తేలాకే కొత్తవాళ్ళని ఎక్కిస్తారు. అంటే ఆ రోజు మీరు అమెరికాలోకి మళ్ళీ కొత్తగా వస్తున్నట్టు. మల్టిపుల్ ఎంట్రీ వీసా, దాని డేటు, రెండూ చూసుకోవాలి.

ప్లానింగ్ విషయంలో నా సలహా ఒకటే. ఒకే రూట్ రెండుసార్లు వచ్చే ఓడ కాకుండా, వారం మార్చి వారం రూట్ మార్చే ఓడ వెతకండి. షోలు, డిన్నర్ మెనూ రెండో వారం రిపీట్ అవుతాయి, కనీసం ఊర్లయినా మారాలి కదా. క్యాబిన్ ఒకటే ఉంటే ఆ మారే రోజు స్వర్గం. లేదంటే పెట్టెలు మోసే డ్యూటీ తప్పదు.

రెండో వారం మొదట్లో మళ్ళీ సేఫ్టీ డ్రిల్ ఉంటుంది. "పోయిన వారమే చేశాం కదా" అని విసుక్కునేవాళ్ళు చాలామంది. 2012 జనవరి 13న ఇటలీ తీరంలో కోస్టా కాంకార్డియా రాయిని గుద్దుకుని ఒరిగిపోయింది. 32 మంది చనిపోయారు. ఆ ఓడ వేర్వేరు ఊళ్ళలో ప్యాసింజర్లని ఎక్కించుకునేది. ఆ సాయంత్రమే చివిటవెక్కియాలో వందల మంది కొత్తగా ఎక్కారు. వాళ్ళకి డ్రిల్ మర్నాటికి పెట్టారు. లైఫ్ జాకెట్ ఎక్కడుందో, ఏ వైపు పరుగెత్తాలో తెలియకుండానే ఆ రాత్రి గడిచింది. అప్పటిదాకా 24 గంటల్లోపు చేస్తే చాలన్న రూల్ మారి, ఓడ కదలకముందే లేదా కదిలిన వెంటనే డ్రిల్ చేయాలని వచ్చింది. కాబట్టి ఆ పది నిమిషాలు ఫోన్ పక్కన పెట్టండి.

ఇప్పుడు అసలు నన్ను ఇబ్బంది పెట్టే విషయానికొస్తా. ఆ 1886 చట్టం అమెరికన్ ఉద్యోగాల్ని కాపాడటానికి అన్నారు. జరిగిందేంటి? కంపెనీలన్నీ ఓడల్ని బహామాస్, పనామా లాంటి దేశాల్లో రిజిస్టర్ చేసుకున్నాయి. ఆఫీసు మియామీలో, జెండా బహామాస్‌ది, పనిచేసేవాళ్ళు ఫిలిప్పీన్స్, ఇండోనేషియా, ఇండియా నుంచి. ప్యాసింజర్లకి బ్యాక్ టు బ్యాక్ అంటే రెండు వారాల విశ్రాంతి. క్యాబిన్ సర్దే అబ్బాయికి బ్యాక్ టు బ్యాక్ అంటే నెలల తరబడి, వారానికి ఏడు రోజులూ పని. మారే రోజున ఉదయం పాతవాళ్ళు దిగి, మధ్యాహ్నం కొత్తవాళ్ళు ఎక్కేలోపు ఆ గదులన్నీ తయారు చేసేది వాళ్ళే.

2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఈ అమరిక బండారం బయటపడింది. ప్యాసింజర్లని ఎలాగోలా దింపారు, సిబ్బంది మాత్రం సముద్రం మీద నెలల తరబడి చిక్కుకుపోయారు. ఓడ జెండా ఒక దేశానిది, కంపెనీ ఒక దేశానిది, మనిషి ఇంకో దేశం వాడు. ఎవరిని అడగాలి? మన ముంబై తీరంలోనే మరెల్లా డిస్కవరీ అనే ఓడ వంద మందికి పైగా భారతీయ సిబ్బందితో దిగడానికి అనుమతి కోసం ఎదురుచూసింది. ఇల్లు కనుచూపు మేరలో ఉంది, కాలు పెట్టడానికి లేదు. ఏప్రిల్ నెలాఖరుకి దగ్గరలో గానీ వాళ్ళని దింపలేదు. అదే సమయంలో అమెరికా ప్రభుత్వం కంపెనీలకి ఇచ్చిన సాయంలో పెద్ద క్రూయిజ్ కంపెనీలకి చోటు దక్కలేదు, ఉద్యోగుల్లో ఎక్కువమంది అమెరికాలో లేరు కాబట్టి. కంపెనీల మీద నాకు జాలేమీ లేదు. నాకు జాలి ఆ డెక్ మీద నిలబడి ముంబై లైట్లు చూసిన వాళ్ళ మీద.

మరి చట్టం మారదా అంటే, అవసరం గట్టిగా తగిలితే మారుతుంది. 2021లో కెనడా తన పోర్ట్‌లు క్రూయిజ్ ఓడలకి మూసేసింది. విక్టోరియాలో ఆగకపోతే అలాస్కా క్రూయిజ్‌లు చట్టవిరుద్ధం, అలాస్కాలో చిన్న చిన్న ఊళ్ళు బతికేదే వాటి మీద. అప్పుడు అమెరికా కాంగ్రెస్ చకచకా ఒక తాత్కాలిక చట్టం చేసింది, మే 24న బైడెన్ సంతకం పెట్టాడు, జులైకల్లా ఓడలు కదిలాయి. కెనడా మళ్ళీ తెరవగానే ఆ మినహాయింపు పోయింది. పాత కోడ్ మళ్ళీ రన్ అవుతోంది.

మన దగ్గర లేదా ఇలాంటిది అంటారా? ఉంది. మన తీరంలో ఒక పోర్ట్ నుంచి ఇంకో పోర్ట్‌కి తిప్పాలంటే విదేశీ ఓడకి లైసెన్స్ కావాలి. కాకపోతే మనవాళ్ళు 2009లో క్రూయిజ్ ఓడలకి ఆ విషయంలో సడలింపు ఇచ్చారు. 2022 జూన్‌లో వైజాగ్ నుంచి పుదుచ్చేరి, చెన్నై వైపు కార్డీలియా వాళ్ళ ఎంప్రెస్ ఓడ వెళ్ళింది, గుర్తుందా? వైజాగ్‌లో జనం ఫోటోలు తీసుకోవడానికి పోర్ట్ వైపు ఎగబడ్డారు. ఆ ఓడ 1990లో నార్డిక్ ఎంప్రెస్ అనే పేరుతో పుట్టింది. రాయల్ కరీబియన్ దాన్ని ప్రత్యేకంగా కట్టించింది దేనికో తెలుసా? మియామీ నుంచి బహామాస్‌కి 3 రోజుల, 4 రోజుల ట్రిప్పులకి. సన్‌వార్డ్ మొదలుపెట్టిన ఆ పాత లెక్కకే.

సరే ఫ్రెండ్స్, వచ్చే ఎపిసోడ్‌లో ఓడల్ని ముక్కలు చేసే గుజరాత్‌లోని అలంగ్ గురించి మాట్లాడుకుందాం. ఉంటా మరి.